చుక్క రాలిన చేను

ఉల్కలు ఏరుకోవడానికి ఆదోనికి వస్తామని ఎవరైనా అంటే వద్దనే చెబుతాను. పత్తి బేరానికి రండి. ఎమ్మిగనూరులో చేనేత బట్టలు కొనుక్కోండి. ఆ దారినే మంత్రాలయం పోయి తుంగభద్రలో ఓ మునక వేసి రండి. ఆకాశం నుంచి రాలిన రాయి కోసం మాత్రం ఈ నేలమీద చెప్పులరిగేలా తిరగొద్దు. ఉల్కల వేటకు పనికిరాని నేల ఎట్లా ఉంటుందో చూపించమంటే నేను వేరే ఎక్కడికీ తీసుకుపోను. ఆదోని దాటి ఎమ్మిగనూరు బస్సెక్కితే కిటికీలోంచి కనబడేదంతా అదే.

పైవాడు పంచడంలో మాకు తక్కువేమీ చెయ్యలేదు. పది గ్రాములకు మించిన ఉల్కలు పది లక్షల చదరపు కిలోమీటర్ల నేలమీద ఏటా 36 నుంచి 116 దాకా పడతాయని ఒక అంచనా ఉంది. పది గ్రాములంటే రెండు సెంటీమీటర్లు కూడా ఉండని రాయి. 2022లో నంద్యాల విడిపోయాక మిగిలిన కర్నూలు జిల్లా ఎనిమిది వేల చదరపు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. లెక్కేస్తే కలిసొస్తే ఏడాదికొకటి, లేకుంటే మూడేళ్లకొకటి ఈ జిల్లా చేలల్లోనో గుట్టల్లోనో పడాలి. హంపీలో విజయనగర రాజ్యం మొదలైన 1336 నుంచి లెక్కపెట్టుకున్నా తక్కువలో తక్కువ రెండు వందలు. పైగా 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ధ్రువాల దగ్గర పడేవి భూమధ్యరేఖ దగ్గర పడేవాటిలో మూడింట రెండు వంతులే. ఆ లెక్కన అంటార్కిటికా కంటే ఆదోనికే వాటా ఎక్కువ. అయినా ప్రపంచంలో ఇప్పటిదాకా పేరుపెట్టి జాబితాకెక్కించిన ఉల్కల్లో సగానికి పైగా అంటార్కిటికావి. ఆదోని పేరుతోగానీ ఎమ్మిగనూరు పేరుతోగానీ ఒక్కటి లేదు.

పడటం కాస్త అటూ ఇటూగా అన్నిచోట్లా ఒకటే. పడ్డాక నేల దాన్నేం చేస్తుందన్న దగ్గరే ఊరికీ ఊరికీ తేడా వస్తుంది.

రేగడి సంగతి ముందు చూద్దాం. ఏప్రిల్లో పత్తికట్టె పీకేసిన చేలోకి దిగి నెర్రెలో చెయ్యి పెడితే మోచేతి దాకా పోతుంది. నేలపైన చిన్న రాయి ఉంటే మేకల కాళ్లకు కదిలి ఆ నెర్రెలో పడుతుంది. జూన్‌లో వాన పడగానే రేగడి ఉబ్బి నెర్రె మూసుకుంటుంది, రాయి లోపల. పెద్ద రాయి సంగతి ఇంకో రకం. ఉబ్బడం, కుంచించుకోవడం ఏటేటా జరుగుతుంటే ఆ కదలికకు పెద్దవి మెల్లగా పైకొస్తాయి. రైతులకిది కొత్త కాదు. ఏరి గట్టున పోసిన సున్నపుగడ్డలు రెండేళ్లు తిరిగేసరికి మళ్లీ గుంటకకు తగులుతాయి, ఇవి యాడినుంచి వస్తాయప్పా అని తిట్టుకుంటూ మళ్లీ ఏరతారు. చిన్నదాన్ని మింగి పెద్దదాన్ని కక్కే నేల ఇది. అయితే కక్కేదాకా ఆ రాయి తడిలోనే నానుతుంది. అసలు చిక్కు అక్కడ.

మామూలుగా పడే రాతి ఉల్కల్లో చాలావాటిని కాండ్రైట్లంటారు. రాతిలో చెదురుమదురుగా ఇనుము, నికెల్ కలిసిన పలుకులు ఉంటాయి. తడి తగిలితే ఆ ఇనుము తుప్పుపడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రాయి లోపల్నుంచే పగులుతుంది. నేల చౌడుదైతే ఉప్పు తోడై పని ఇంకా తొందరగా అయిపోతుంది. మా దగ్గర ఏడాదికి కురిసేది ఆరు వందల మిల్లీమీటర్ల పైచిలుకు. మనిషికి ఇది కరువుసీమ. ఇనుము కడుపులో పెట్టుకున్న రాయికి ఇదే వరద. చిలీలో అటకామా ఎడారిలో రాళ్లు లక్షల ఏళ్లు నేలమీదే పడి ఉన్నా గుర్తుపట్టేలా ఉంటాయి. సహారాలో వేలు, పదివేల ఏళ్లు ఉంటాయి. వానలు పడి ఎండే నేలలో కొన్ని వేల ఏళ్లకే మట్టిలో మట్టి. దానికి తోడు తుంగభద్ర డ్యాము దిగువ కాలువ వచ్చాక మా వైపు చాలా రేగడి వరిమడి అయింది. దమ్ము చేసిన మడిలో ఉల్కను వెతకడం గురించి నేనేమీ రాయను.

ఇక ఎర్రనేల. పత్తికొండ వైపు పోయేకొద్దీ రేగడి తగ్గి గరుసునేల వస్తుంది. ఇక్కడ రాయి దాక్కోదు నిజమే. అది రాళ్లలో కలిసిపోతుంది. చేను నిండా పలుగురాళ్లు, గుండ్లు చితికిన ముక్కలు, మధ్యలో నల్లరాయి. ఈ నల్లరాయి ఆదోని చుట్టూ ఉన్న తెల్లగుండ్ల మధ్యలో గోడలు కట్టినట్టు మైళ్లపొడుగునా సాగుతుంది. కోట్ల ఏళ్ల కిందట గ్రానైటు పగుళ్లలోకి కింది నుంచి వచ్చి గడ్డకట్టిన డాలరైటు అది. ఎండకూ వానకూ దాని మూలలు అరిగి గుండ్రంగా అవుతుంది, పైన గోధుమరంగు పొర కడుతుంది. చేతిలోకి తీసుకుంటే బరువు. పాత ఉల్క కూడా చూపుకు సరిగ్గా అట్లాగే ఉంటుంది. నల్లరాళ్ల మధ్య పడిన ఒక నల్లరాయిని వేరు చెయ్యాలంటే ప్రతిదాన్నీ ఎత్తి చూడాలి. ఏ మనిషికీ అంత తీరిక ఉండదు.

మంచి నేల అనిపించుకున్నవాటిలో ఈ లోపాలేవీ ఉండవు. ఆస్ట్రేలియాలో నల్లార్బర్ మైదానం మొత్తం సున్నపురాయి, చెట్టు లేదు, మరో రకం రాయి లేదు. తెల్లటి నేలమీద నల్లది కనిపిస్తే ఆగి చూడాల్సిందే. ఒమన్ ఎడారి కూడా అంతే. అన్నిటికన్నా మించినది అంటార్కిటికాలోని నీలిమంచు. 1969లో జపాను బృందం ఒకటి యమాటో కొండల దగ్గర మంచుమీద తొమ్మిది ఉల్కలు ఏరింది. ఒకే ఉల్క ముక్కలై పడిందేమో అనుకుంటే పరీక్షలో అవి వేరువేరు రకాలని తేలింది. ఒకేచోట వేరువేరు కాలాల్లో రాలినవి ఎలా చేరాయి? మంచు కదులుతుంది. వేల ఏళ్లుగా పడినవాటిని మోసుకుంటూ సముద్రం వైపు పోతుంది. దారికి కొండ అడ్డం వస్తే ఆగుతుంది, అక్కడ గాలికి పైమంచు కొంచెం కొంచెంగా హరించుకుపోయి లోపలి రాళ్లు బయటపడతాయి. కిందనున్న నేల కిలోమీటర్ల లోతులో ఉంది కనుక మంచుమీద కనిపించే రాయి దాదాపుగా పైనుంచి వచ్చిందే. ఇక్కడ వెతికేవాడికి తెలివి కంటే ఒంటికి కంబళి ముఖ్యం.

కానీ వ్యవసాయం చేసే నేలలో కూడా ఉల్కలు దొరికిన చోటు ఒకటుంది. అమెరికాలో కాన్సాస్. అక్కడి మైదానం గాలి తెచ్చిపోసిన మెత్తటి మట్టి, రాయన్నది ఉండదు. 1880లలో ఒక రైతు భార్య ఎలైజా కింబర్లీ తమ పొలంలో నాగలికి తగిలే నల్లటి బరువు రాళ్లను ఏరి కుప్ప వేసింది. చిన్నప్పుడు బడిలో ఎవరో ఉల్కను చూపించారట, అది గుర్తుంది ఆమెకు. మొగుడూ ఇరుగుపొరుగూ నవ్వారు. 1890లో ఒక ప్రొఫెసరు వచ్చి చూసి, అవి నిజంగా ఉల్కలేనని చెప్పి కొన్ని కొన్నాడు. ఆ డబ్బుతో పొలం మీది అప్పు తీరింది. బ్రెన్‌హమ్ ఉల్కలుగా ఈనాటికీ మ్యూజియాల్లో ఉన్నవి అవే.

ఇది చదివినప్పుడు నాకు రేగడి మీద ఆశ పుట్టింది. రాళ్లు లేని మట్టి మాకూ ఉంది కదా. సున్నపుగడ్డ తెల్లగా ఉంటుంది, చేతితో నలిపితే నలుగుతుంది. అది కానిది ఏది గుంటకకు తగిలినా అది బయటినుంచి వచ్చిందే. ఎవరో తెచ్చి వేసిందో, వాగు తెచ్చిందో, లేదా పైనుంచి పడిందో. ఆ లెక్కన ఎర్రనేలలో వందరాళ్లు ఎత్తి చూడాల్సినచోట రేగడిలో ఒకటి చూస్తే చాలు. పాతవి తుప్పుపట్టి పోయినా ఈ వందేళ్లలో, రెండు వందల ఏళ్లలో పడినవి ఉండాలి కదా. వాదన బాగానే ఉంది. తప్పల్లా గట్ల దగ్గర వస్తుంది. చేలో తగిలిన రాయి చేలో ఉండదు. గట్టుమీదికి పోతుంది, గట్టుమీది నుంచి ట్రాక్టరెక్కి రస్తాలో గుంత పూడ్చడానికి పోతుంది. కాస్త చూడముచ్చటగా ఉంటే పసుపూ కుంకుమా పెట్టించుకుని వేపచెట్టు కింద సుంకులమ్మ పక్కన కూర్చుంటుంది. ఇది వేళాకోళానికి అనడం లేదు. 1880 డిసెంబరులో బీహారులో ఆంధార అనే ఊళ్లో ఉల్క పడితే ఊరివాళ్లు దాన్ని అద్భుతనాథుడని పూజ చేశారు. రాయి భద్రంగా ఉండటానికి గుడి మంచి చోటే. మ్యూజియానికి కావాల్సిన ముక్క మాత్రం అక్కడినుంచి రాదు.

ఉల్క అని మోసపుచ్చే రాళ్లు మా వైపు ఎన్నున్నాయో అది ఇంకో గ్రంథం. బళ్లారి ఇనుపరాయి ఉంది, అయస్కాంతానికి అంటుకుంటుంది కూడా. టీకప్పు అడుగున గ్లేజు లేని గరుకు అంచుకు రుద్దితే ఎర్రగీత పడితే హెమటైట్, నల్లగీత పడితే మాగ్నెటైట్. ఉల్క మామూలుగా గీత పెట్టదు. పూర్వం ఇనుము కరిగించినచోట పారేసిన చిట్టెం ఉంది. వీటన్నిటికంటే నాకు ఇష్టమైన దొంగరాయి బూడిదదిబ్బలది. ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోదే. ఆ బళ్లారి పక్కన కుడతిని, కుప్పగల్లు దగ్గర పెద్దపెద్ద బూడిదదిబ్బలున్నాయి. వాటిలో కరిగి గాజుకట్టిన ముక్కలు దొరుకుతాయి. బూడిదరంగు, లోపలంతా బుడగలు. భీముడు చంపిన రాక్షసుణ్ణి కాల్చిన బూడిదని జనం చెప్పుకున్నారు. పందొమ్మిదో శతాబ్దపు దొరలు అగ్నిపర్వతమా, చితా, ఇనుప కొలిమా అని దశాబ్దాల పాటు వాదులాడుకున్నారు. చివరికి రేమండ్ ఆల్చిన్ 1957లో పాలమూరు జిల్లా ఉట్నూరులో తవ్వి, అవి కొత్తరాతి యుగపు పశువుల దొడ్లని తేల్చాడు. పేడ కుప్పలుగా పేరుకుంది, మళ్లీ మళ్లీ కాలింది, ఆ వేడికి కరిగింది. ఉట్నూరులో ఆవుల గిట్టల అచ్చులు కూడా దొరికాయి. నాలుగైదు వేల ఏళ్ల కిందటి పేడను చేతిలో పట్టుకుని ఇది ఆకాశం నుంచి పడిందా అని అడిగే అవకాశం ప్రపంచంలో ఎంతమందికి వస్తుంది! రాయిలో బుడగలు కనిపిస్తే ఉల్క కాదని దాదాపు కళ్లు మూసుకుని చెప్పెయ్యొచ్చు.

ఇంతకీ మా వైపు రాళ్లు వెతికేవాళ్లు లేకనా? జూన్ వస్తే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర, పగిడిరాయి చేలకు జనం వజ్రాలు ఏరనీకి వస్తారు. అనంతపురం నుంచి, ప్రకాశం నుంచి, బళ్లారి నుంచి. సద్దిమూట, నీళ్లబాటిలు, తలకు తువ్వాల. తొలకరికే ఎందుకంటే, దుక్కి చేసిన చేనుమీద గట్టివాన పడితే మెత్తటి మట్టి కొట్టుకుపోయి పలుకులు పైన మిగులుతాయి. చేటలో చెరిగితే పొట్టు పోయి గింజ మిగిలినట్టు. ఎడారిలో గాలి చేసే పనీ ఇదే. ఆ పని మా దగ్గర ఏడాదికి నాలుగువారాలు వాన చేస్తుంది. ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు, పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఐదు తర్వాత, సూర్యుడికి ఎదురుగా నడుస్తారు. నడుం వంచి, చూపు రెండు మూడు గజాల ముందుకు వేసి. మెరిసినది దొరికితే నోట్లో పెట్టుకుని తడిపి, వేళ్లతో తుడిచి, ఎండకెత్తి చూస్తారు. పలుగుముక్క అయితే అక్కడే వదిలెయ్యరు, వెనక్కి దూరంగా విసురుతారు, మళ్లీ దాన్నే చూసి ఆశపడకుండా.

ఒకసారి వాళ్లతో కలిసి నడుస్తూ చాలులో ఒక నల్లరాయిని తీసి బరువు చూస్తున్నాను. పక్క చాల్లో ఉన్న ఆమె నవ్వింది. “నల్లది యాడైనా దొరుకుతాది లేన్నా. మెరిసేది జూడు.” నా చేతిలోది డాలరైటే, అది నాకూ తెలుసు. కానీ ఆమె మాట నన్ను వదల్లేదు. ఇంతమంది, ఇంత ఓపిగ్గా, అడుగడుగూ నేలను చదువుతూ పోయే చోటు దక్షిణాదిలో ఇంకోటి ఉంటుందనుకోను. ఉల్కల వేటగాళ్లు నల్లార్బర్‌లో చేసేదీ ఇంతే. కళ్లు ఉన్నాయి, ఓపిక ఉంది, వాన చెరిగిన నేల ఉంది. లేనిదల్లా నల్లరాయికి విలువ. వజ్రానికైతే కొనేవాడు ఊళ్లోనే ఉంటాడు. 2021లో చిన్న జొన్నగిరి దగ్గర దొరికిన 30 కేరట్ల రాయి కోటీ ఇరవై లక్షలకు పోయిందని పేపర్లో వచ్చింది. ఆ వార్త విన్నాక చేలోకి దిగినవాడి కంటికి మెరుపు తప్ప ఇంకేం ఆనుతుంది?

కొనేవాడు ఉంటే కళ్లు ఎట్లా మారతాయో మొరాకోలో కనిపిస్తుంది. 1990ల చివరి నుంచి అక్కడ ఉల్కల వ్యాపారం పెరిగింది. ఒంటెలు, మేకలు కాచేవాళ్లు నల్లరాయి కనిపిస్తే ఎత్తి చూడటం నేర్చుకున్నారు. 2011 జులైలో తిస్సింత్ దగ్గర కుజగ్రహపు ఉల్క పడితే మూడు నెలలకు దాన్ని వెతికి పట్టింది వాళ్లే. ఎడారి అప్పటికి వేల ఏళ్లుగా ఉంది. మంచి నేల అని పేరొచ్చింది మాత్రం బజారు వచ్చాకే. మన దేశంలో ఉల్కలు చేరాల్సిన చోటు కోల్‌కతాలోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. అక్కడికి చేరిన రాయి వల్ల సైన్సుకు లాభం, ఏరినవాడికి పేపర్లో ఫొటో. నాకు బజారు మీద మోజు లేదు. కానీ జొన్నగిరి చేలో రోజంతా ఎండలో నడిచిన మనిషికి ఫొటో చూపించి నల్లరాళ్లు కూడా చూడమ్మా అని చెప్పే ధైర్యం నాకు లేదు.

బజారుకు ఇంకో గుణం ఉంది. దొరికిన చోటును మాయం చేస్తుంది. మొరాకోలో కొన్న ఉల్కల్లో వేలాదివాటికి ‘వాయవ్య ఆఫ్రికా’ అని పేరు, పక్కన ఒక నంబరు. ఏ దేశంలో, ఏ ఇసుకలో దొరికిందో ఎవరూ చెప్పరు, చెబితే రేపు ఇంకొకడు పోతాడు. జొన్నగిరిలోనూ ఇదే కథ. వజ్రం దొరికినవాడు చేను పేరు చెప్పడు. వ్యాపారి అడగడు. ఈ వజ్రాలు వాటిని కన్న ఏ కింబర్లైటు రాతి నుంచి కొట్టుకొచ్చాయో కనుక్కోవాలంటే భూగర్భ శాస్త్రవేత్తకు కావాల్సింది ఆ చేను పేరే. వజ్రకరూరు దగ్గర కింబర్లైట్లు బయటపడ్డాయి సరే, మా వైపు వానకు తేలే రాళ్ల పుట్టిల్లు తెలియాలంటే ఏరినవాళ్ల నోళ్లు విప్పాలి. రాయి జేబులోకి పోతుంది, చేను పేరు కడుపులోకి పోతుంది.

అదే చుట్టుపక్కల ఇంకో చిత్రం జరిగింది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి గుట్ట ఉంది. గుండ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1929లో వాటిని గుర్తించింది చరిత్రకారుడు కాదు, అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. రాళ్ల కోసం వచ్చినవాడికి రాత దొరికింది. ఆ గుండ్ల నీడన కాపర్లు తరతరాలుగా సద్ది తిన్నారు. వాళ్లకు గీతలు కనిపించలేదని అనను. గీతలు కనిపించాయని ఎవరికి చెప్పాలో తెలియలేదంతే.

చెప్పుకోవడంలోనే మన దేశం ఉల్కల జాబితాలో నిలబడింది. వెతికితే దొరికినవి మనకు చాలా కొద్ది. పడుతుంటే చూసి పట్టుకున్నవే దాదాపు అన్నీ. జనం ఒత్తుగా ఉండటం, పొలాల్లో ఎవరో ఒకరు ఎప్పుడూ ఉండటం, ఆ కాలంలో కబురు కరణం నుంచి కలెక్టరు దాకా పోవడం దీనికి కారణాలు. నెల్లూరు జిల్లాలో, కేటలాగుల్లో యాతూర్ అని రాసిన ఊళ్లో 1852 జనవరి 23న ఉల్క పడింది. పార్వతీపురం దగ్గర నెడగొల్లా అని రాసిన చోట 1870లో పడింది, అదీ జనవరి 23నే. రెండోది అచ్చంగా ఇనుము. చూస్తుండగా పడినవాటిలో ఇనుప ఉల్కలు నూటికి ఐదు కూడా ఉండవు. మొన్నమొన్నటి సంగతి చెప్పాలంటే, హోసూరు పక్కన ఇళ్లల్లో తెలుగు వినిపించే శూలగిరి ప్రాంతంలో 2008 సెప్టెంబరు 12న పడిన రాళ్లు వంద కిలోలకు పైబడ్డాయి. పొలాల్లో ఉన్నవాళ్లు చప్పుడు విన్నారు, గుంతలు చూశారు, కబురు పోయింది. తుప్పు పట్టే టైము లేకుండా ల్యాబుకు చేరిన రాయి ఇది. ఎడారిలో పదివేల ఏళ్లు ఎండిన దానికంటే ఇట్లాంటి తాజాదానికే శాస్త్రవేత్తలు ఎక్కువ విలువిస్తారు.

ఆ కొలతతో చూస్తే ఆదోని అంత చెడ్డ చోటు కాదు. రాయిని నిలబెట్టుకోలేని నేల సాక్షిని నిలబెట్టుకుంటే చాలు. ఇక్కడ కనుచూపు మేర అడ్డంలేని మైదానం. శీతాకాలంలో మబ్బు ఉండదు. బుడ్డల చేన్లకు కాపలా పడుకునేవాళ్లు, రాత్రి కరెంటిచ్చినప్పుడు మోటారు వెయ్యడానికి పోయేవాళ్లు, తెల్లారకముందే పత్తి తెచ్చి ఆదోని యార్డు గేటు దగ్గర లైను కట్టేవాళ్లు. వీళ్లంతా ఆకాశం కింద ఉన్నవాళ్లే.

అయితే సుగ్గి వలస ఒకటుంది. ఖరీఫ్ పంట ఎటూ కాకుండా పోయిన ఏడాది సంక్రాంతి వచ్చేసరికి కోసిగి, మంత్రాలయం, ఆదోని మండలాల పల్లెలు సగం ఖాళీ. పిల్లల్నీ గిన్నెల్నీ బొలేరోలో ఎక్కించుకుని గుంటూరు మిరపచేలకు పోతారు, ఉగాదికి గానీ రారు. ఇళ్లకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. ఆకాశం తేటగా ఉండి, చుక్క రాలితే జిల్లా అంతా కనిపించే రోజులవి. జనవరి 23న మా చేన్ల మీద నెడగొల్లా రాయిలాంటిది ఒకటి పడిందనుకోండి. చూడాల్సిన మనిషి నరసరావుపేట అవతల మిరపకాయలు కోస్తుంటాడు. ఉల్కల వేటకు పనికొచ్చే ప్రాంతాల లక్షణాలు రాసే పెద్దలు వాన, గాలి, నేల రంగు రాస్తారు. వలస అని ఒక గడి పెట్టుకోరు. పెట్టుకోవాలని నేనంటాను.

రాలిన దుమ్ము సంగతి వేరు. అది పడేటప్పుడు చూసేవాడు అక్కర్లేదు. మిల్లీమీటరులో పదో వంతుండే ఉల్కాధూళి చదరపు మీటరుకు సుమారుగా ఏటా ఒక పలుకు చొప్పున అంతటా రాలుతూనే ఉంటుంది. నార్వేలో జాన్ లార్సన్ అనే జాజ్ గిటారిస్టు ఇళ్లకప్పుల మీది చెత్త ఊడ్చి అందులో దీన్ని వెతకడం మొదలుపెట్టాడు. ఊళ్లో దొరికేదంతా ఫ్యాక్టరీ దుమ్మేనని చదువుకున్నవాళ్లు కొట్టిపారేశారు. 2017లో లండన్ ఇంపీరియల్ కాలేజీ మాథ్యూ జెంజ్ తదితరులతో కలిసి ఓస్లో, పారిస్, బెర్లిన్ కప్పుల మీది మూడు వందల కిలోల మడ్డిలో ఐదు వందల పలుకులు తేల్చి చూపించాడు. ఇక్కడ మంచి ప్రాంతమంటే దేశమూ కాదు జిల్లా కాదు, ఒక కప్పు.

మా పాత కప్పులు దీనికి పనికిరావు. కర్నూలు పల్లెల్లో మట్టిమిద్దెకు ఏటా వానలకు ముందు చౌడు తెచ్చి పరిచేవాళ్లు. చేనిని తీసుకెళ్లి ఇంటిమీద పెట్టినట్టే, వెతకడం మళ్లీ మొదటికొస్తుంది. ఇప్పుడు ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ సిమెంటు మిద్దెలొచ్చాయి. వాన నీళ్లన్నీ ఒక మూల తూముకు చేరతాయి, బరువైన పలుకులు అక్కడ ఆగుతాయి. అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ మడ్డిమీద తిప్పితే నల్లటి నలుసులు అంటుకుంటాయి. కవరు ఊడదీస్తే కాగితం మీద రాలతాయి. చాలావరకు గ్రానైటు నుంచి వచ్చిన మాగ్నెటైట్ ఇసుక, మూలలు పదునుగా ఉంటాయి. వాటి మధ్యలో పూర్తి గుండ్రంగా ఉన్నవి ఒకటో రెండో వస్తే గుండె ఝల్లుమంటుంది. వీధిచివర వెల్డింగ్ షాపు ఉంటే ఆ సంబరం నిలవదు, నిప్పురవ్వ చల్లారితే అంతే గుండ్రంగా ఉంటుంది. దీపావళి మతాబులు అదనం. తేల్చాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. అందుకే వెల్డింగ్ షాపులకు దూరంగా, నాలుగేళ్లుగా ఎవరూ ఊడవని పెద్ద మిద్దె కావాలని అడుగుతున్నాను. జిన్నింగ్ మిల్లు మిద్దె ఒకటి చూపించారు. విశాలంగా ఉంది, ఎవరూ ఎక్కరు. తూము నిండా జానెడు మందాన పత్తిపీచు పేరుకుని ఉంది. దాన్ని నీళ్లలో నానబెట్టి తేల్చాలా, కాల్చి బూడిద జల్లించాలా అన్నది తేలాక గోనెసంచులతో పోవాలి.